మావయ్య నిద్ర

మొన్న రాజమండ్రి నుంచి ఇంటికి వస్తుంటే పాసింజరు బండి వంతెన మీద ఆగింది. చక్రాల రొద ఆగాక ఎదురు బెంచీ మీది పెద్దాయన గురక బాగా వినపడింది. కడుపునిండా భోంచేసి ఎక్కినట్టున్నాడు, తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కన పిల్లలు కిసుక్కుమంటున్నారు. ఉన్నట్టుండి గురక ఆగిపోయింది. పెట్టెలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం లేచి వెళ్ళి ఆయన భుజం పట్టుకుని గట్టిగా కుదిపేశాను.

"ఏంటమ్మా?" అన్నాడు ఎర్రటి కళ్ళతో, కోపంగా.

"కొవ్వూరొస్తోందండీ."

"నేను దిగాల్సింది నిడదవోలండీ!"

ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంకేం చెబుతాను? ఏమనుకోకండని వచ్చి నా చోట కూర్చున్నాను. లేపితే అంత కోపంగా చూసే ఎర్రటి కళ్ళు మా మావయ్యవి. కిటికీ వైపు తిరిగి గోదావరిని చూస్తూ కాసేపు ఏడ్చాను. ఎవరైనా చూస్తే పుట్టింటి నుంచి వస్తోంది కాబోలు అనుకుంటారులే అని కళ్ళు కూడా తుడుచుకోలేదు.

మా నాన్న పోయాక అమ్మా నేనూ తణుకు దగ్గర పల్లెలో మావయ్య ఇంటికి చేరాం. మావయ్య అమ్మకి తమ్ముడు. చెరుకూ వరీ వేసేవాడు. పిల్లల్లేరు, కాబట్టి ఉన్న ముద్దంతా నాకే, ఉన్న తిట్లన్నీ అందరికీ. భారీ మనిషి. మెడ ఎంత లావంటే చొక్కా పై బొత్తాం ఏనాడూ పట్టేది కాదు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని పొద్దున కోపిష్టి అనీ, మధ్యాహ్నం నిద్రమొహం అనీ అనేవారు. ఆయన ఎదుట మాత్రం రెండూ అనేవారు కాదు.

మా ఇంట్లో పొద్దున్నే గట్టిగా మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. మావయ్య లేచి, మొహం కడుక్కుని, రెండో గ్లాసు కాఫీ తాగేదాకా గిన్నె చప్పుడు కూడా కాకూడదు. లేస్తూనే తలనొప్పి ఆయనకి. మంచం మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుని "ఎవర్రా అక్కడ?" అని గర్జించేవాడు. ఎవరూ లేకపోయినా అదే మాట. కాఫీలో వేడి తగ్గితే గ్లాసు వెళ్ళి గోడకి తగిలేది. అత్తయ్య గాజు గ్లాసులు మానేసి స్టీలువి కొంది. గోడ మీద మరకలు మళ్ళీ సున్నం వేయించేదాకా అలాగే ఉండేవి.

ఎండ బాగా ఎక్కాక కోపం దిగిపోయేది. అప్పుడు మనిషి చూడాలి. పొలం నుంచి చెరుకు గడ తెచ్చుకుని, అరుగు మీద నిలబడే కత్తితో చెక్కు తీసి, కణుపులు అవతల పారేసి, ముక్కలు కోసి కంచంలో పెట్టి, పొద్దున ఎవర్ని తిట్టాడో వాళ్ళ ముందుకి తోసేవాడు. నోటివెంట ఒక్క మాట వచ్చేది కాదు. మనం ఒక ముక్క నోట్లో పెట్టుకునేదాకా అక్కడి నుంచి కదిలేవాడూ కాదు. అత్తయ్యకి పళ్ళు కదలడం మొదలయ్యాక ముక్కలు మరీ సన్నగా కోసేవాడు. కోపిష్టి అని పేరు పెట్టిన ఊరికి ఆ సన్నటి ముక్కలు కనపడలేదు, అందుకే నాకు ఇప్పటికీ ఆ ఊరంటే కాస్త మంటే.

నిలబడే అని ఎందుకన్నానంటే మావయ్య కూర్చుంటే నిద్రపోతాడు. అందుకని సాధ్యమైనంతవరకు కూర్చునేవాడు కాదు. పేపరు నిలబడే చదివేవాడు. పదిమందిలో మాట్లాడాల్సి వస్తే స్తంభానికి ఆనుకుని మాట్లాడేవాడు. మెడ మీద ఎప్పుడూ తడి తుండుగుడ్డ, జేబులో లవంగాలు. రెప్పలు బరువెక్కుతుంటే ఒక లవంగం కొరికి, తుండుగుడ్డతో మొహం రుద్దుకునేవాడు. "నిద్రొస్తోందా మావయ్యా?" అంటే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "నిద్దరేంటే, కళ్ళు మూసుకున్నానంతే."

చెరుకు కొట్టే రోజుల్లో ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. వరస కదిలేది, మావయ్య ట్రాక్టరు కదిలేది కాదు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చి లేపితే, ఆయన లేస్తూనే వాళ్ళ ఏడుతరాల వాళ్ళనీ తిట్టి, బండి ముందుకి పోనిచ్చి మళ్ళీ స్టీరింగు మీద వాలిపోయేవాడు. దాంతో ఆయన వెనక ఉండడానికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. అందరూ ముందుకి తోసుకుపోతే మా చెరుకు ఎప్పుడూ ఆఖరుకే వెళ్ళేది. పగలు అంత మేలుకోలేని మనిషి రాత్రి అసలు నిద్రపోతున్నాడా అని మాకెవరికీ అనుమానం రాలేదు. గురక వీధి చివరిదాకా వినపడుతుంటే నిద్ర లేదని ఎవరనుకుంటారు?

నా పెళ్ళినాటికి అమ్మ కూడా లేదు, కన్యాదానం మావయ్యా అత్తయ్యా చేశారు. పగటి ముహూర్తం. పీటల మీద కూర్చోక తప్పలేదు పాపం. తడి తుండుగుడ్డ తియ్యమన్నారు, పట్టు కండువా వేశారు. నా చెయ్యి ఆయన అరచేతిలో ఉంది. పురోహితుడు గారు గోత్రం చెప్పమన్నారు. మళ్ళీ చెప్పమన్నారు. పందిరంతా వినపడేలా గురక వచ్చింది. మగపెళ్ళివారు ముందు నోళ్ళు మూసుకుని, తర్వాత బాహాటంగానే నవ్వారు. అత్తయ్య మోచేత్తో పొడిచింది. "ఎవర్రా అక్కడ?" అని మావయ్య ఒక్క అరుపు అరిచాడు. నవ్వులు ఆగిపోయాయి, సన్నాయి కూడా ఆగిపోయింది.

అప్పుడు ఆయన తన అరచేతిలో ఉన్న నా చెయ్యి చూసుకున్నాడు. ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో అర్థమైంది. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి.

"నిద్దరేంటే అమ్మలూ, కళ్ళు మూసుకున్నానంతే," అన్నాడు నాకొక్కదానికే వినపడేలా.

నేను కాపరానికి కొవ్వూరు వచ్చాను. కొన్నేళ్ళకి మావయ్యకి బీపీ పట్టుకుంది. మూడు రకాల బిళ్ళలు వేసినా దిగలేదు. తణుకు ఆసుపత్రిలో చూసి, రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరుగారికి ఒకసారి చూపించమన్నారు. వాళ్ళిద్దరూ వస్తే నేనూ వెంట వెళ్ళాను. డాక్టరుగారు మావయ్య మెడ వైపు చూసి, ప్రశ్న మాత్రం అత్తయ్యని అడిగారు.

"గురక పెడతారా అమ్మా?"

"అబ్బో! వీధి చివరిదాకా వినపడుద్దండి," అంది అత్తయ్య సంబరంగా. "ఒళ్ళొంచి పనిచేసే మనిషి కదండీ, హాయిగా పడుకుంటారు."

"మధ్యలో ఆగుతుందా?"

"ఆగుద్దండి. అప్పుడే నాకూ కాస్త కునుకు పడుద్ది."

"అది ఆగినప్పుడు ఆయన ఊపిరి కూడా ఆగుతోందేమోనమ్మా," అన్నారు డాక్టరుగారు. అత్తయ్య మొహం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు.

హైదరాబాదు పంపించి, తలకీ ఛాతీకీ తీగలు అంటించి ఒక రాత్రి నిద్రపుచ్చి పరీక్ష చేయించారు. ఆ కాగితాలు పట్టుకుని మళ్ళీ రాజమండ్రి వెళ్ళాం. డాక్టరుగారు ఓపికగా చెప్పారు.

"నిద్రలో ఈయన గొంతు వెనక కండ వదులైపోయి దారి మూసుకుపోతోందండి. రక్తంలో ఆక్సిజను పడిపోతుంది. మెదడుకి తెలిసేది ఒక్కటే, ఈ మనిషి మునిగిపోతున్నాడని. వెంటనే కేక పెడుతుంది. నరాలూ, మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులూ కలిసి అడ్రినలిన్‌లాంటివి రక్తంలోకి వదులుతాయి. వెనక పులి పడితే మన ఒంట్లో ఏమవుతుందో అదే అవుతుంది. గుండె దౌడు తీస్తుంది, బీపీ లేస్తుంది, షుగరు పెరుగుతుంది. ఆ అదురుకి కాస్త మెలకువ వచ్చి గొంతు తెరుచుకుంటుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ మూసుకోవడం. రాత్రంతా ఇదే పని. ఆయనకేమీ గుర్తుండదు. కార్టిసాల్ అని ఇంకోటుంది, రాత్రి పడుకున్నాక బాగా తగ్గి ఉండాల్సింది. కొందరిలో అది కూడా గాడి తప్పుతుంది. మీరేమో పొద్దున్నే ఈయన నిద్ర లేచారనుకుంటారు. నిజానికి ఈయన తెల్లవార్లూ పరిగెత్తి అప్పుడే ఇల్లు చేరతారు."

మావయ్య కుర్చీ వెనక నిలబడి విన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అయితే డాక్టరుగారూ, ఇన్నేళ్ళూ పొద్దున్నే తిట్టింది నేను కాదాండీ?"

డాక్టరుగారు నవ్వలేదు. "తిట్టింది మీరేనండి. కానీ నిద్రపోయి లేచిన మిమ్మల్ని మీరింకా చూడలేదు. మీ ఆవిడా చూడలేదు."

మావయ్య అత్తయ్య వైపు తిరిగాడు. ఆవిడ చేతిలో సంచి తీసుకుని తను పట్టుకున్నాడు. మేం బస్సెక్కి వంతెన దాటి కొవ్వూరులో దిగేదాకా ఆవిడ అడిగినా ఇవ్వలేదు.

మిషను హైదరాబాదు నుంచి వచ్చింది. మంచం పక్కన చిన్న పెట్టె, దాన్నుంచి పొడుగాటి గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే తొడుగు. రాత్రంతా గాలిని కాస్త ఒత్తిడితో లోపలికి పంపి గొంతు మూసుకోకుండా పట్టి ఉంచుతుంది, అంతే దాని పని. తొడుగు పెట్టుకుని గొట్టం వేలాడేసుకున్న మావయ్యని చూసి అత్తయ్య చెంపలు వేసుకుని "అచ్చం వినాయకుడేనండీ" అంది. మిషనుకి ఆ పేరే ఉండిపోయింది. కరెంటు పోతుంటుందని బ్యాటరీ ఒకటి కొని తగిలించారు. "ఇక వినాయకుణ్ణి పెట్టుకుంటానర్రా," అని లేచి వెళ్ళేవాడు మావయ్య, పెద్ద పూజకి వెళుతున్నట్టు.

కొద్ది రోజుల్లోనే నాకు ఫోను. ఎప్పుడూ అత్తయ్య చేస్తుంది, ఈసారి మావయ్యే. "అమ్మలూ, నాకు కలొచ్చిందే!" అన్నాడు. ఏదో అయిందనుకుని హడలిపోయాను. "కలే! ఇసకలో నడుస్తున్నానంట, నెత్తి మీద చెరుకు మోపుందంట, మోపు బరువే లేదంట!" ఎన్నేళ్ళయిందో ఆయనకి కలొచ్చి. ఆ కలని వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాడట. పాలుపోసే ఆవిడ రెండుసార్లు వినాల్సి వచ్చిందట.

ఆ ఏడాది నేను పుట్టింటికి ఎప్పుడు వెళ్ళినా అదే ఇల్లా అనిపించేది. పొద్దున్నే మావయ్య అత్తయ్య కంటే ముందు లేచి కాఫీ కలిపి ఆవిడని లేపేవాడు. ఆవిడకేమో మొగుడి చేతి కాఫీ తాగాలంటే సిగ్గు, గ్లాసు పట్టుకుని దొడ్లోకి పోయేది. ఇద్దరూ తణుకు వెళ్ళి సినిమా చూశారు. మావయ్య మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూసి, ఇంటికొచ్చి కథంతా నాకు ఫోన్లో చెప్పాడు. కూర్చోవడం! మా మావయ్య అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తుంటే నాకు కడుపు నిండిపోయేది. బిళ్ళలు మూడు పోయి ఒకటైంది. డాక్టరుగారు బాగా సంతోషించారు. "రాత్రిళ్ళు ఆ పరుగు తగ్గిందండి, అందుకే ఇదంతా. కార్టిసాల్ మాట మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, దాని గురించి నేను గట్టిగా చెప్పను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇది మందు కాదు, కళ్ళజోడు లాంటిది. పెట్టుకున్నంతసేపే చూపు. తీసేస్తే మళ్ళీ మామూలే," అన్నారు. మావయ్య బుద్ధిగా తలూపాడు.

మనిషి మంచివాడు కావడానికి నిద్ర ఒక్కటే చాలునా అని నాకు నవ్వొచ్చేది. ఆ వెంటనే దుఃఖమూ వచ్చేది. అన్నేళ్ళు పులి తరిమిన మనిషి చెరుకు ముక్కలు కోయడం మర్చిపోలేదంటే ఆయన మొదటి నుంచీ మంచివాడే. మాకే తెలియలేదు.

ఆ కార్తీకమాసంలో మావయ్య అయ్యప్ప మాల వేసుకున్నాడు. మంచి నిద్ర పట్టిన మొదటి రోజుల్లోనే మొక్కుకున్నాడట, ఇన్నేళ్ళ నోటి పాపానికి ఒక మండలం దీక్ష చేసి కొండకి వస్తానని. నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానాలు, ఒక పూట భోజనం, నేల పడక. దీక్షలో ఎవర్నీ పల్లెత్తు మాట అనకూడదు, అందరూ స్వామి అని పిలుస్తారు. ఆయన కోరుకున్న శిక్ష అదే.

సగం రోజులు గడిచాక అత్తయ్య నుంచి ఫోను వచ్చింది. "అమ్మలూ, గురక మళ్ళీ మొదలైందే. అడిగితే స్వామి కదా, నేను గట్టిగా అనకూడదు. నువ్వొకసారి రా," అంది.

మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళాను. మావయ్య నల్లపంచెలో, పెరిగిన గడ్డంతో, నుదుట గంధంతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. మెడ మీద మళ్ళీ తడి తుండుగుడ్డ.

"మిషనేది మావయ్యా?"

"బీరువాలో ఉందిలే. రా, కూర్చో."

"ఎందుకు మానేశావు?"

"దీక్షలో పరుపొద్దన్నారు, దిండొద్దన్నారు, చెప్పులొద్దన్నారు. వాటన్నిటికంటే నాకు సుఖమైంది అదే కదే. పరుపు మానేసి దాన్ని ఉంచుకుంటే నేను వదిలిందేంటి?"

"అది సుఖం కాదు మావయ్యా, వైద్యం!"

"వైద్యమంటే బిళ్ళ. బిళ్ళ మానలేదుగా."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అయ్యప్పస్వామికి అన్నగారే కదా వినాయకుడు. అన్నగార్ని బీరువాలో పెట్టి తాళమేసి తమ్ముడి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తావు?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "నీ నోటికి దణ్ణమే అమ్మలూ. కొండ దిగి రాగానే అన్నగారికి కొబ్బరికాయ కొట్టి పెట్టుకుంటానులే. ఇంకెన్ని రోజులు!"

అప్పుడే వంటింట్లో అత్తయ్య చేతిలోంచి ఇత్తడి గిన్నె జారి పెద్ద చప్పుడైంది. మావయ్య నవ్వు టక్కున ఆగింది. మొహం కందగడ్డలా అయింది. పక్కనున్న స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని, పళ్ళ బిగువున "స్వామియే శరణం అయ్యప్ప" అన్నాడు. ఒకసారి కాదు, ఆ ఎరుపు దిగేదాకా అన్నాడు. చూసేవాళ్ళకి అది భక్తి. పులి తిరిగొచ్చిందనీ, ఆయన దాన్ని నోరు నొక్కి పట్టుకుంటున్నాడనీ నాకు తెలిసిపోయింది. తిట్టేసినా బాగుండేదని ఆ క్షణంలో అనిపించింది.

నేను చెబితే వినడని తేలిపోయింది. నేరుగా గురుస్వామి దగ్గరికి వెళ్ళాను. ఆయన మా ఊళ్ళో దర్జీ, మావయ్యకి మాల వేసినాయన. సంగతంతా చెప్పాను. ఆయన కత్తెర కింద పెట్టేశాడు.

"అయ్యో, నన్నొక్క మాటైనా అడగలేదేమ్మా! నేనే దీక్షలో ఇన్సులిన్ పొడుచుకుంటాను. ప్రాణం నిలబెట్టేదాన్ని స్వామి ఎందుకొద్దంటాడు? రేపు తెల్లారి కాలవ దగ్గర స్నానాలవుతాయి, పూజవ్వగానే అందరి ముందూ నేనే చెప్తాను. నా మాట కాదనరు. మీరు నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగానే ఇంటికొచ్చాను. అత్తయ్యకి చెబితే ఆవిడ గబగబా బీరువా తెరిచి, మిషను బయటికి తీసి, తొడుగు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిచింది. రేపటికి సిద్ధంగా ఉండాలని, దీక్ష మొదలైనప్పటి నుంచీ ఖాళీగా ఉన్న మంచం పక్కన పెట్టింది.

తెల్లవారుతుండగా మావయ్య మిగతా స్వాములతో కాలవకి వెళ్ళాడు. చన్నీళ్ళలో మూడు మునకలు వేసి, మెట్లెక్కుతూ, ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూలబడ్డాడట. గురుస్వామే ఒళ్ళోకి తీసుకున్నాడట. తణుకు ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. గుండెపోటన్నారు. గురుస్వామి తన చేతులతో వేసిన మాల తనే తీశాడు. తీసి, మా ముందు నేల మీద కూర్చుండిపోయి "పూజయ్యాక చెబుదామనుకున్నానమ్మా, పూజయ్యాక," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని ఏమనగలం? ఎవరం మాత్రం పూజ ముందే చెప్పాలనుకున్నాం?

పరామర్శకి వచ్చినవాళ్ళందరూ అదే మాట. మాలలో ఉండగా పోయాడు, పుణ్యాత్ముడు, మంచాన పడకుండా సుఖంగా వెళ్ళిపోయాడని. అత్తయ్య మూల కూర్చుని ఎవరేమన్నా తల వంచుకునే వింది. ఆ ఇంట్లో అన్నేళ్ళలో ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఎవరో మళ్ళీ సుఖంగా పోయాడనగానే ఒక్కసారిగా తలెత్తింది.

"సుఖమనే కదమ్మా దాన్ని వదిలేశారు!" అని అరిచింది. "అది సుఖమని ఎవరు చెప్పారాయనకి? అది ఊపిరమ్మా. మీరూ నేనూ ఊరికే పీల్చేస్తున్నామే, ఆ మామూలు ఊపిరి!"

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. నేను దగ్గరికి వెళ్ళి కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, మామూలు గొంతుతో అంది.

"ఇన్నేళ్ళ కాపరంలో ఆయన నాకు దొరికింది ఆ ఒక్క ఏడాదే అమ్మలూ. నాకింకా అలవాటు కూడా కాలేదు."